కాలువలో వదిలేసిన చేప

ఫ్లోరిడాలో బ్లూ స్ప్రింగ్ అని ఒక ఊట ఉంది. సెయింట్ జాన్స్ నదిలో కలిసే ఆ ఊట నీళ్లు ఏడాది పొడుగునా ఒకే వెచ్చదనంతో, 22–23 డిగ్రీల దగ్గర ఉంటాయి. చలికాలంలో నది చల్లబడగానే మనాటీలు బారులు తీరి ఆ ఊటలోకి వచ్చేస్తాయి. మనాటీ అంటే సముద్రపు ఆవు జాతి జంతువు. నాలుగైదు క్వింటాళ్ల బరువుంటుంది. నీటిగడ్డి మేస్తుంది, పిల్లకి పాలిస్తుంది, ఎవరి జోలికీ పోదు. అంత లావున్నా దాని ఒంట్లో చలికి కాపుకాసే కొవ్వు పెద్దగా ఉండదు. 20 డిగ్రీల కంటే చల్లటి నీళ్లలో ఎక్కువ రోజులు ఉండాల్సివస్తే జబ్బుపడి చచ్చిపోతుంది. అందుకే ఆ ఊటంటే దానికి అంత అవసరం. 2024 జనవరిలో ఒక్క రోజే అక్కడ తొమ్మిది వందలకు పైగా మనాటీలు లెక్కకొచ్చాయి.

1999లో అదే ఊటలో కొత్త చేప ఒకటి కనపడింది. దక్షిణ అమెరికా నదుల చేప. ఒళ్లంతా ఎముక పలకలు, అడుగున గుండ్రటి నోరు, ఆ నోటితో గాజుకి అతుక్కుని పాచి తింటుంది. మన ఊళ్లలో షాపులవాళ్లు ‘సక్కర్’ అని, ‘ట్యాంక్ క్లీనర్’ అని అమ్మే చేపే అది. పెంచుకున్నవాళ్లు వదిలేసినవీ, పెంపకం చెరువుల నుంచి తప్పించుకున్నవీ కలిసి ఫ్లోరిడా నీళ్లలో చాలాచోట్ల అల్లుకుపోయాయి. ఊటలో వాటికి రాళ్ల మీదున్న పాచి సరిపోలేదు. మనాటీ చర్మం మీద కూడా పాచి పడుతుంది కదా, దాని మీదికి ఎక్కాయి. ఒక్కో జంతువుకి ఒక్కోసారి పదుల్లో అతుక్కుని ఉంటాయి. వీపు మీద, పొట్ట కింద, తోక మీద గీకుతూనే ఉంటాయి. అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ యు.ఎస్.జి.ఎస్. (జియలాజికల్ సర్వే) శాస్త్రవేత్త లియో నికో, మరో ఇద్దరు కలిసి 2009లో దీని మీద పేపరు రాశారు. కొన్ని మనాటీలు పట్టించుకోకుండా పడుకున్నాయి. కొన్ని మాత్రం ఒళ్లు విదిలించుకుంటూ, దొర్లుతూ, చోటు మారుతూ కనిపించాయి. ఈ చేపలు పగలూ రాత్రీ కూడా వదలవని నికో తర్వాత గమనించారు. స్టెట్సన్ విశ్వవిద్యాలయంలో మెలిస్సా గిబ్స్ బృందం 2010లో ఇంకో అడుగు ముందుకేసి, చేపలు అతుక్కున్న మనాటీలు లేనివాటికంటే ఎక్కువగా కదులుతున్నాయని చూపించింది.

ఇది చదివాక మన కాలువల గురించి ఎప్పటినుంచో మనసులో ఉన్న మాట రాయాలనిపించింది. కాలువలోకి వచ్చిపడిన పరాయి చేప వల్ల నష్టం ఎంత అని ఎవరైనా అడిగితే మనం ఒక్కటే చూస్తాం: అది దేన్ని తినేసింది, ఎన్ని చచ్చాయి. శవం కనపడకపోతే నష్టం లేదనుకుంటాం. మనాటీని సక్కర్ చేప చంపదు. కరవదు కూడా. చలికాలంలో తిండి తగ్గించి, ఒంట్లో శక్తి పొదుపు చేసుకుంటూ కదలకుండా పడుకోవాల్సిన జంతువుని పడుకోనివ్వదు, అంతే. దోమలున్న గదిలో పసిపిల్లని పడుకోబెడితే ఏమవుతుంది? ఒక్క రాత్రికి ఏమీ కాదు. నెలల తరబడి అదే గదిలో పడుకోబెట్టి, పిల్ల బాగానే ఉంది కదా అనగలమా?

పైగా ఆ జంతువుకి కష్టాలేమీ తక్కువ లేవు. పడవల మర దెబ్బలకి ఒళ్లంతా గాట్లు. 2021లో ఫ్లోరిడాలో పదకొండు వందల మనాటీలు చనిపోయాయి. తూర్పు తీరంలో, ఇండియన్ రివర్ లగూన్‌లో సముద్రపు గడ్డి నాశనమైపోయి, మేత దొరక్క మాడిపోవడమే అందులో పెద్ద కారణం. ఎరువులూ మురుగూ నీళ్లలో కలిసి, పాచి దట్టంగా పెరిగి, అడుగున గడ్డికి వెలుతురు అందకుండా పోయింది. ఆ పాపం సక్కర్ చేపది కాదు, మనుషులది. ఆకలితో నీరసించిన జంతువు వెచ్చటి ఊటలోకి వచ్చి పడుకుంటే అక్కడా ఒంటి మీద గీకుడే. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ‘అసలు కారణం అది కాదు, వదిలేయండి’ అనేవాళ్ల మాట నాకు మింగుడు పడనిది ఇందుకే. అసలు కారణాలతో నలిగిపోయిన ప్రాణికే చిన్న కారణం పెద్ద బరువవుతుంది.

ఇక మన దగ్గరికి వద్దాం.

కోనసీమలో కాలువ గట్టున వల దులుపుతున్న పెద్దాయన దగ్గర ఈ చేపని దగ్గరగా చూశాను. జానెడు పైనే ఉంది. నల్లటి ఒంటి మీద మెలికల గీతలు. వీపు మీద రెక్క నిలబెట్టేసింది, పక్క రెక్కల మొదట్లో ముళ్లు బిగదీసింది. వల కళ్లలో ఆ ముళ్లు ఎటు తిప్పినా ఇంకా ఇరుక్కుంటున్నాయి. చెయ్యి పెడితే గీరుకుపోతోంది. ఆయన కాసేపు నైలాన్ దారాన్ని ముల్లు మీద నుంచి తప్పించే ప్రయత్నం చేశాడు. ఆఖరికి కత్తి తీసి వలే కోసేశాడు.

“ఇంకేం చేత్తామండీ. దీన్ని లాగితే నాలుగు కళ్లు తెగుతాయి, కోత్తే రెండు కళ్లతో పోద్ది. రోజూ ఇదే పనండి.”

చేపని గట్టు మీదకి విసిరేశాడు. నేను చాలాసేపు అక్కడే ఉన్నాను. అది చావలేదు. ఎండలో, దుమ్ములో, నోరు కదుపుతూ అలాగే ఉంది. ఈ చేప గాలి మింగి పొట్టతోనే ఊపిరి తీసుకోగలదు. తడి ఆరకుండా ఉంటే గంటల తరబడి, ఒక్కోసారి రోజు దాటి కూడా బతుకుతుంది. ఎండకి వదిలేస్తే చస్తుందిలే అని గట్టున పడేస్తారు. సాయంత్రం వాన పడితే పాక్కుంటూ కాలువలోకి దిగిపోతుంది. నీళ్లలోంచి తీశాక వెంటనే తల మీద గట్టిగా కొట్టి చంపడమే మంచిది. చెప్పడానికి కష్టంగానే ఉంది. కానీ దాన్ని అలా గంటలకొద్దీ ఎండబెట్టి చంపడం కంటే ఇదే దయ. అది కోరి ఇక్కడికి రాలేదు.

ఆ రోజు ఆయన వలలో పడిన మంచి చేపలు చిన్న జెల్లలు, రెండు బొమ్మిడాయిలు. కొర్రమేను కాలువలో దొరకడం బాగా తగ్గిందన్నాడు. అదంతా సక్కర్ వల్లే అని నేననను. చేపల, రొయ్యల చెరువుల మందులు కాలువల్లోకి, డ్రెయిన్లలోకి వస్తున్నాయి. కరెంటు పెట్టి పట్టేవాళ్లున్నారు. పులస సంగతి చూడండి: సముద్రం నుంచి గోదావరి ఎర్రనీటికి ఎదురీదుకుంటూ వచ్చే ఆ చేపకి ధవళేశ్వరం దాటి పైకి పోయే దారి ఆనకట్ట కట్టినప్పుడే మూసుకుపోయింది. నష్టాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటున్నాయి. కానీ రోజుకి రెండు కళ్ల చొప్పున తెగే వల, ఆ వల బాగుచేసుకునే పూట, ఆ పూట పోయిన వేట ఎవరి లెక్కలోకీ రావడం లేదు. తుఫాను వస్తే నష్టపరిహారం ఉంది, వేట నిషేధం రోజుల్లో భృతి ఉంది. దీనికి ఏ పద్దూ లేదు.

హైదరాబాదులోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఈ చేప ఎక్కడెక్కడ ఉందో తెలుసుకోవడానికి మంచి పద్ధతి తయారు చేశారు. చేపని పట్టుకోనక్కర్లేదు. నీళ్లు కొంచెం తీసుకుని, అందులో చేప ఒంటి నుంచి రాలిన డీఎన్‌ఏ ఉందో లేదో పరీక్షిస్తారు. తూర్పు కనుమల్లో అలా పరీక్షిస్తే దాదాపు 60 శాతం నీటి వనరుల్లో దీని జాడ దొరికింది. కొండల్లోనే అంత ఉంటే, కాలువలూ బోదెలూ డ్రెయిన్లూ చెరువులూ అన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోయిన డెల్టాలో దీనికి అడ్డేముంది?

డెల్టాలో నాకు ఎక్కువ భయం గట్ల గురించి. ఈ చేపలో మగది గట్టులోకి బొరియ తవ్వుతుంది. గుడ్లు అందులోనే పెట్టించి కాపలా కాస్తుంది. ఆ బొరియ మీటరు లోతు పోవడం మామూలే. ఫ్లోరిడాలో, మెక్సికోలో కాలవగట్లు ఇలా గుల్లయి విరిగిపడటం చూశారు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మా ఊరి దగ్గర నీటిమట్టం తగ్గిన చోట గట్టుకి వరసగా కన్నాలు కనిపించాయి. వాటిలో ఒకదాంట్లోకి మోచేయి దాకా పెట్టినా అడుగు తగల్లేదు. ఎలక బొరియలు గట్టు పైన ఉంటాయి, ఇవి నీటి అంచుకి కిందున్నాయి. కాలువ కట్టేసినప్పుడు మిగతా చేపలు మడుగుల్లో చిక్కి జనానికి దొరికిపోతాయి. ఇది బొరియలో తడిమట్టిని పట్టుకుని నీళ్లు వదిలేదాకా ఓపికపడుతుంది. 1852లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ గట్ల మీదే పది లక్షల ఎకరాల బతుకు నడుస్తోంది. గండి పడితే మునిగేది వరిచేలు. ఇరిగేషన్ వాళ్లు గుర్రపుడెక్క తీయించడానికి ఏటా డబ్బు ఖర్చు పెడతారు. గట్టులో కన్నాలు ఎవరైనా లెక్కపెట్టారా?

గుర్రపుడెక్క పేరెత్తాను కాబట్టి చెబుతున్నాను, అదీ దక్షిణ అమెరికా మొక్కే. పువ్వు ఊదారంగులో అందంగా ఉందని చెరువుల్లో వేసుకున్నారు. సెయింట్ జాన్స్ నదిని కూడా 1890ల్లోనే అది కప్పేసింది. అందం కోసం తెచ్చుకున్నదాన్ని విసుగొచ్చాక నీళ్లలో పారేసే అలవాటు అంత పాతది. ఆ మొక్కని మనం ఈ రోజుకీ జేసీబీలతో తోడుతూనే ఉన్నాం.

ఇక నీళ్లలో తిరిగే మన క్షీరదాల సంగతి. గౌతమి సముద్రంలో కలిసే వైపున కోరింగ మడ అడవి ఉంది. 1978 నుంచి అభయారణ్యం, 235 చదరపు కిలోమీటర్ల పైన విస్తీర్ణం. అక్కడ నీటికుక్కలున్నాయి. గుంపుగా కలిసి చేపల్ని తరిమి పట్టుకుంటాయి, బురద గట్ల మీద పిల్లల్ని పెంచుకుంటాయి. అడవి అంచుల్లో బావురు పిల్లి ఉంది, అదీ చేపల మీద బతికేదే. ఇంకా బయటికి వెళ్తే, కాకినాడ నుంచి సముద్రంలో వేటకి వెళ్లేవాళ్లకి డాల్ఫిన్లు కొత్త కాదు. మనాటీకి జరిగిందే వీటికీ జరుగుతుందని చెప్పడం నా ఉద్దేశం కాదు. నీటికుక్క ఊటలో కదలకుండా పడుకునే జంతువు కాదు, దాని బొచ్చు మీద పాచి పట్టదు. డాల్ఫిన్ ఉండే ఉప్పునీళ్లలో సక్కర్ బతకదు. కానీ నీటికుక్క తినేది చేపని. అది తినే చేపల స్థానంలో ఎముక కవచం, బిగుసుకునే ముళ్లు ఉన్న చేప వచ్చి కూర్చుంటే ఏమిటి పరిస్థితి? ప్యూర్టో రికోలో గూడబాతులు ఈ చేపని మింగబోయి గొంతుకి అడ్డుపడి చనిపోయిన సంగతి 1990ల్లోనే రాశారు. మన గూడబాతులూ కొంగలూ అంతకంటే గట్టివేం కాదు.

సక్కర్ మంచినీటి చేప, మడ అడవికి రాలేదులే అనుకోడానికి కూడా వీల్లేదు. లీటరుకి పది గ్రాముల దాకా ఉప్పున్న నీళ్లలో ఇది రోజుల తరబడి బతకగలదని మెక్సికోలో ప్రయోగాలు చేసి చూపించారు. సముద్రపు నీళ్లలో ముప్ఫై అయిదు గ్రాములుంటుంది. ఇప్పుడు గోదావరిని తలుచుకోండి. వరదల కాలంలో పాయల చివరి దాకా మంచినీళ్లే. 2022 జులైలో ధవళేశ్వరం నుంచి పాతిక లక్షల క్యూసెక్కులు దాటి పోయింది. లంకలు మునిగాయి, చెరువులు పొంగాయి, చెరువేదో కాలువేదో తెలియకుండా పోయింది. అలాంటి ఒక్క వరద చాలు. వరద తగ్గాక ఎక్కడ ఉప్పు తక్కువగా ఉంటే అక్కడ ఆగిపోతుంది. కోరింగలోకి దిగే కాలువల మొదట్లో, డ్రెయిన్ల చివర్లో ఇప్పుడే ఆ డీఎన్‌ఏ పరీక్ష చేసి చూడాలి. నీటికుక్కలు చచ్చి తేలాక చేసే సర్వే ఎవరికీ పనికిరాదు.

మరి ఎవరిని అడగాలి?

కాకినాడలోనో రాజమండ్రిలోనో ఏ అక్వేరియం షాపుకైనా వెళ్లండి. గాజుతొట్టి అడుగున వేలెడంత సక్కర్ పిల్లలుంటాయి. పిల్లాడు గోల్డ్ ఫిష్ అడిగితే షాపు అతను ఇంకో చేపని కూడా కవర్లో వేస్తాడు, తొట్టి శుభ్రంగా ఉంచుతుందని. అది ఎంత పెరుగుతుందో చెప్పడు. ఒకటిన్నర అడుగు దాకా పెరిగే చేప అది. రెండేళ్లకి తొట్టి చాలదు, మిగతా చేపల్ని ఇబ్బంది పెడుతుంది. ఇంట్లో చంపడానికి మనసొప్పదు. చంపితే పాపం, నీళ్లలో వదిలితే పుణ్యం అనుకుంటారు. కవర్లో పట్టుకెళ్లి వంతెన మీద నుంచి కాలువలో వదిలేస్తారు. ఆ మనసు మంచిదే, నాకు తెలుసు. కానీ ఆ పుణ్యం ఖరీదు గట్టు మీద కూర్చుని వల కుట్టుకునే మనిషి కడుతున్నాడు.

షాపులవాళ్ల పొట్ట కొట్టమంటున్నారా అని ఒక మిత్రుడు అడిగాడు. లేదు. షాపులో సక్కర్ ఒక్కటే అమ్మరు, దాని మీద వచ్చే లాభం ఎంతని? తొట్టికి పాచి పట్టకుండా ఉండాలంటే ఎండ తగలకుండా పెట్టాలి, మేత తక్కువ వేయాలి, వారానికోసారి నీళ్లు కొంత మార్చి స్పాంజితో అద్దం రుద్దాలి. నిజానికి ఈ చేప తొట్టిని శుభ్రం చేయదు కూడా. పాచి తిని అంతకంత విసర్జిస్తుంది, ఆ విసర్జనే మళ్లీ పాచికి ఎరువు.

ఇంకొందరు దీన్నీ తినేస్తే పోతుంది కదా అంటారు. అమెజాన్ ప్రాంతంలో దీన్ని కవచంతోనే నిప్పుల మీద కాల్చుకుని తింటారు, అది నిజమే. మన దగ్గర కాలువలో పట్టినవాటిని ఎండబెట్టి దాణాలో కలిపితే నాకు అభ్యంతరం లేదు. కానీ దానికి మంచి ధర కట్టారంటే రేపు చెరువు తవ్వి పెంచేవాడొకడు పుడతాడు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ విషయంలో మనం చూసిందదే కదా. కేంద్రం దాన్ని నిషేధించి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పటికీ కోళ్ల వ్యర్థాలు వేసి దొంగచాటుగా పెంచుతూనే ఉన్నారు, అధికారులు చెరువులు ఖాళీ చేయిస్తూనే ఉన్నారు. తినేవాడు ఉన్నంతకాలం ఏ చేపా పోదు.

మనకి చేతకాదా అంటే అదేం లేదు. వెనామీ రొయ్యని 2009లో దేశంలోకి అనుమతించినప్పుడు తల్లి రొయ్యల కోసం చెన్నై దగ్గర నీలాంకరైలో ప్రత్యేకంగా క్వారంటైన్ కేంద్రం పెట్టారు. బయటి నుంచి వచ్చిన ప్రతి తల్లి రొయ్యా అక్కడ పరీక్ష దాటాకే హేచరీకి వెళ్లాలి. భీమవరం నుంచి అమలాపురం దాకా ఈ సంగతి తెలియని రొయ్యల రైతు ఉండడు. రోగం వస్తే కోట్లు పోతాయి కాబట్టి ప్రభుత్వం అంత జాగ్రత్తపడింది. వేలెడు సక్కర్ పిల్ల వల్ల పోయేది పేద జాలరి వల, కాలువ గట్టు, నీటికుక్క నోటి కూడు. వీటి తరఫున అడిగే సంఘం లేదు.

అందుకే అడుగుతున్నాను. మత్స్యశాఖ ఈ చేప పెంపకాన్నీ అమ్మకాన్నీ ఆపించాలి. ఆపితే పెంచుకుంటున్నవాళ్లు భయపడి మరిన్ని కాలువలో వదిలేస్తారు, అది ఖాయం. కాబట్టి ముందుగా ప్రతి షాపులోనూ వెనక్కి తీసుకునే ఏర్పాటు ఉండాలి, తెచ్చి ఇచ్చినవాళ్లని ఎందుకని అడక్కూడదు. వేసవిలో కాలువలు కట్టేసే వారాల్లో ఉపాధి హామీ కూలీలతో గట్ల కన్నాలు వెతికించి, అందులో చేపల్ని తీయించి, మట్టి కూరించి గట్టిపరచాలి. ఆ పని ఎలాగూ పూడిక తీతతో పాటే అయిపోతుంది. వలలో సక్కర్ పడితే తెచ్చి అప్పగించిన జాలరికి కిలోకింత అని కాకుండా, వల నష్టానికి సాయం చేయాలి. అప్పుడు పెంచి అమ్ముకోడానికి ఎవరికీ ఆశ పుట్టదు.

ఈలోపు మీ ఇంట్లో పెరిగిపోయిన సక్కర్ ఉంటే కొన్న షాపులోనే ఇచ్చేయండి. వాళ్లు తీసుకోకపోతే పెద్ద తొట్టి ఉన్నవాళ్లెవరికైనా ఇవ్వండి. అదీ కుదరకపోతే నీళ్లలోంచి తీసిన వెంటనే తల మీద గట్టిగా కొట్టి చంపి, పెరట్లో కొబ్బరి మొక్క మొదట్లో పాతిపెట్టండి. కాలువలో మాత్రం వదలకండి, చెరువులో వద్దు, గుడి కోనేట్లో అసలే వద్దు.